మా పాప చదువు, మా మరిది ఫ్లెక్సీ

పుంగనూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టడానికి పెద్ద కారణమేమీ అక్కరలేదు. ఒకరికి కొత్త ట్రాక్టరు వస్తే కడతారు. ఇంకొకరి మనవరాలికి చెవులు కుట్టిస్తే కడతారు. ఒకాయన శబరిమలకు పోతున్నాడని కడతారు, అది విప్పకముందే తిరిగి వచ్చాడని ఇంకొకటి కడతారు. మా మరిది అయితే ఒకసారి తనకు విషజ్వరం తగ్గిందని కట్టించుకున్నాడు. "అభిమానుల ఆశీస్సులతో కోలుకున్న" అని దాని మీద వేయించాడు. ఆ అభిమానులు ఎవరయ్యా అంటే మా ఇంటాయన, నేను, దగ్గర కూర్చుని కషాయం తాగించిన మా తోడికోడలు.

మరిది అంటే మా ఇంటాయనకు సొంత తమ్ముడు. సదుం దారిలో ఉన్న మా ఊళ్ళో అన్నదమ్ములిద్దరికీ పక్కపక్కనే పొలం. పెద్దాయన టమోటా పెడతాడు, ఆవుల్ని మేపుతాడు. చిన్నాయన రాజకీయం చేస్తాడు. ప్రతి ఎన్నికలకూ ఈసారి ఎంపీటీసీ టికెట్టు తనకేనంటాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని లీడరు కారు వెనక మోటారు సైకిల్లో పోతాడు. ఇంతవరకు లీడరు కారు వెనక్కి తిరిగి చూసింది లేదు. మనిషి మాత్రం వెన్న. మా పాపను చిన్నప్పుడు భుజం మీద నుంచి దించేవాడు కాదు.

ఆ పాప మదనపల్లెలో బీకాం చదివింది. అయిపోగానే ఆడిటరు కావాలంది. నేను మూడో తరగతి దాటలేదు గానీ ఆ చదువుకు ఉన్న మెట్లన్నీ నాకు నోటికొచ్చు. చుట్టాలకు చెప్పీ చెప్పీ వచ్చింది. మొదట ఒక పరీక్ష ఉంటుంది, డిగ్రీలో మంచి మార్కులుంటే అది మాఫీ. తర్వాతది ఇంటర్. అది రెండు భాగాలు. అది గట్టెక్కితే లైసెన్సు ఉన్న ఒక ఆడిటరు కింద రెండేళ్ళు పని నేర్చుకోవాలి, దాన్నే ఆర్టికల్స్ అంటారు. అదీ అయ్యాక కొన్ని నెలలు కూర్చుని చదివి ఫైనల్ రాయాలి. అదీ రెండు భాగాలే. అప్పుడు గానీ పేరు పక్కన సి.ఎ. అని రెండక్షరాలు రావు. నేను ఇదంతా చెప్పి ముగించేసరికి వినేవాళ్ళ కాఫీ చల్లారిపోయేది.

సోమల నుంచి వచ్చిన మా పెద్దమ్మ అంతా విని, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"డిగ్రీ అయినాక మళ్ళా ఇంటరా? ఎనక్కి సదువుతాండాదా ఏందిమే మీ పాప?"

"ఇది ఆ ఇంటర్ కాదు పెద్దమ్మా. వేరే."

"వేరే ఏందిలే. తప్పిందని సెప్పుకోలేక సెప్తాండావు. నా కాడ యాల దాస్తావు?" అని, పోతూ పోతూ పాప చేతిలో నాలుగు మామిడిపళ్ళు పెట్టి, "ఈసారన్నా బాగా సదువుకో అమ్మా" అని దీవించింది.

పాప మదనపల్లెలో కోచింగు తీసుకుని ఆ ఇంటర్ ముగించింది. ఇంక ఆర్టికల్స్‌కు ఆడిటరు కావాలి. మదనపల్లెలో అడిగిన చోటల్లా పిల్లలు నిండిపోయారన్నారు. చివరికి కుప్పంలో ఒక పెద్ద ఆడిటరు ఒప్పుకున్నాడు. రైల్వే స్టేషనుకు దగ్గర్లో, గ్రానైటు కోసే బ్లేడ్లు అమ్మే అంగడి పైన ఆయన ఆఫీసు. మొదటి రోజు పాపను నేనే తీసుకుపోయాను. చేతిలో ఊరకే పోకూడదని పాలకోవా డబ్బా పట్టుకుపోయాను.

ఆయన సన్నగా, చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని, నవ్వు ఖర్చయిపోతుందేమో అన్నట్టు కూర్చున్నాడు. డబ్బా నా వైపే తోశాడు.

"ఇట్లాంటివి నేను తీసుకోనమ్మా. అలవాటు ల్యా. ఒక్క మాట వినండి. ఈ రెండేళ్ళూ నా కింద సరిగా చేసిందని నేను సంతకం పెడితేనే మీ పాపను ఫైనల్ రాయనిస్తారు. లీవులు శానా తక్కువ. నడిమధ్యలో నేను వద్దంటే ఇంకొకరి కాడికి మారేది కూడా అంత సులభం కాదు. ఎవుర్నో ఒకర్ని ఒప్పించి, కారణం రాసియ్యాల. తెలిసిందా?"

తెలిసింది సార్ అన్నాను. మా పాప భవిష్యత్తంతా ఆ గుండీల చొక్కా జేబులో ఉన్న పెన్నులో ఉందని బాగా తెలిసింది. పాపను హాస్టల్లో చేర్చి, కోవా బస్సులో పక్కసీటామెకు పెట్టి ఇంటికొచ్చాను.

ఆ వారమంతా మా మరిది ఊళ్ళో లేడు, లీడరు వెంట తిరుపతికి పోయాడు. తిరిగొచ్చి, పాప కుప్పంలో ఆడిటరు దగ్గర చేరిందని విన్నాడు. తను లేనప్పుడు ఇంట్లో ఇంత శుభకార్యం జరిగిపోయిందే అని నొచ్చుకున్నాడు. ఆ నొప్పి తీర్చుకోవడానికి ఆయనకు తెలిసిన మందు ఒక్కటే.

మరుసటి రోజు పాలకేంద్రానికి పోయిన మా ఇంటాయన క్యాను కూడా దింపకుండా తిరిగొచ్చాడు.

"మే, పాప బస్టాండు కాడ ఉండాది."

"పాప కుప్పంలో గదా ఉండేది?"

"ఈడా ఉండాది. నల్లకోటు ఏసుకోనుండాది."

పోయి చూశాను. రెండు కరెంటు స్తంభాల మధ్య పందిరంత ఫ్లెక్సీ. పైన లీడరు, ఆయన పక్కన ఆయన కొడుకు. కింద వరసగా పెద్దపెద్దవాళ్ళ తలకాయలు. నడుమ నల్లకళ్ళద్దాలతో, చేతులు జోడించి నిలువెత్తున మా మరిది. మా పాప ఎక్కడుందా అని వెతికితే కింద మూలన కనబడింది. హాల్‌టికెట్టు ఫోటోలో ఉన్న ముఖాన్ని తెచ్చి ఎవరిదో నల్లకోటు మీద అంటించారు, మెడ కింద తెల్లపట్టీ కూడా ఉంది. "మన మండలం నుండి తొలి మహిళా సి.ఎ.గా ఎంపికైన మా అన్న కూతురికి హార్దిక శుభాకాంక్షలు" అని రాశారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఎంపిక కావడమేమిటో నాకు అర్థం కాలేదు గానీ, అబద్ధం చెప్పడమెందుకు, మురిసిపోయాను. అరటిపళ్ళ బండి ఆయన "మీ పాపేనా అమ్మా" అంటే రెండుసార్లు అవునన్నాను.

ఆ మురిపెం పాప ఇంటికి వచ్చేదాకా నిలిచింది. ఆదివారం కాదు, పండగ కాదు. సంచీ భుజానికి వేసుకుని పాప నడిమింట్లోకి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమా, ఆ ఫ్లెక్సీ ఎవురు కట్టమన్నారు?"

"మీ చిన్నాయన. యాల, కోటు బాగా లేదా?"

"నన్ను ఆఫీసుకు రావద్దన్నారు."

జరిగింది ఇది. పుంగనూరులో టమోటా మండీ నడిపే ఒకాయన లెక్కలు కూడా కుప్పం ఆడిటరే చూస్తాడు. ఆ మండీ ఆయన ఫ్లెక్సీని ఫోటో తీసి, "మీ ఆఫీసు పాప అప్పుడే సి.ఎ. అయిపోయినాదంట, ఇంక సంతకాలకు కుప్పం దాకా రాను సార్, ఈడనే పెట్టించుకుంటా" అని తమాషాకు ఆయన ఫోనుకు పంపాడు. ఆడిటర్లకు తమాషాలు పంపకూడదని మండీ ఆయనకు తెలియదు.

"కాకముందే సి.ఎ. అని వేసుకుంటే శానా పెద్ద తప్పుమా. దాన్ని తీసి, కాదని నలుగురికీ తెలిసేటట్లు చేసేదాకా రావద్దన్నారు. ఈడ కూర్చున్న ప్రతి రోజూ నా లీవుల్లో పోతాది. అవి అయిపోతే రెండేళ్ళు సాగుతాది, ఫైనల్ ఎనక్కి పోతాది. ఆయన వద్దే వద్దంటే ఇంకొకరి కాడ ఏం కారణం రాసియ్యాల? మా చిన్నాయన ఫ్లెక్సీ అని రాసియ్యాలా?"

దానికేముంది, విప్పేస్తే పోతుంది కదా అనుకున్నాను. మా ప్రాంతంలో ఫ్లెక్సీ కట్టడం ఎంత సులువో విప్పడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

మా ఇంటాయన కొడవలి తీసుకుని బస్టాండుకు బయలుదేరితే మరిది అడ్డం పడ్డాడు.

"అన్నా, నీకేమన్నా మతి ఉండాదా? దాంట్లో లీడరు పోటో ఉండాది. నువ్వు కొడవలి తీసుకోని ఎక్కేది ఎవురన్నా వీడియో తీస్తే ఏమైతాది? నా టికెట్టు గతేంది?"

"నీ టికెట్టు ఎప్పుడుండాదిరా పోయేదానికి?"

"పాప సదువు పోతాందంటే టికెట్టంటావేందప్పా," అని నేనూ కలిశాను.

"వొదినా, నువ్వు సెప్పు, లీడరు మొగం మీద కొడవలి పెట్టేది మనకు మర్యాదేనా? పాపను ఒక్కదాన్నే కత్తిరిద్దామంటే దాని పక్కనే ఆయన కొడుకు బుజం ఉండాది."

సరే, దాన్ని తయారుచేసిన అంగడికే పోదామని పాపను వెంటబెట్టుకుపోయాను. ఆ అంగడి సాయిబు మాకు చిన్ననాటి నుంచి తెలుసు. ముందు సినిమా పోస్టర్లకు, ఎద్దుల బండ్లకు రంగులేసేవాడు, ఇప్పుడు కంప్యూటరు పెట్టుకున్నాడు. విషయం చెబితే రెండు చేతులూ ఊపేశాడు.

"నక్కో అక్కా, నక్కో. కట్టేది నా పని. ఇప్పేది నా పని కాదు. ఇన్నేండ్లలో లీడరు పోటో ఉండే ఫ్లెక్సీ ఒకటీ ఇప్పలా నేను. గాలికి సినిగితే సినగాల, ల్యాకుంటే దానిమింద ఇంకోటి కట్టాల. అంతే."

"మరి నల్లకోటు యాల ఏసినావు అన్నా? అది లాయర్లది గదా," అంది పాప కోపంగా.

"నా కాడ ఆడోళ్ళకు ఉండేవి రెండే పాపా. ఒకటి నల్లకోటు, ఒకటి పోలీసు డ్రెస్సు. మీ చిన్నాయన పోలీసు డ్రెస్సే బాగుంటాదన్నాడు. నేనే వద్దంటిని."

పాప ఏడుస్తూనే నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ ఏడ్చింది.

ఇంక నేను కుప్పం బస్సెక్కాను. కోవా డబ్బా మళ్ళీ తీసుకుపోయాను. ఆయన తీసుకోడని తెలుసు, కానీ బతిమాలడానికి పోయేటప్పుడు చేతులు ఖాళీగా ఉంటే నాకు మాట రాదు. ఆఫీసులో ఆయన గుండీలు అలాగే ఉన్నాయి. ఫోనులో మా ఫ్లెక్సీ తెరిచి, బల్ల మీద నా ముందు పెట్టాడు.

"అమ్మా, మీ పాప పనిలో నాకు ఒక్క తప్పూ కనపడలా. అయితే ఆ రెండక్షరాలకు ఒక లైసెన్సు ఉండాది. అది రాకముందే నా కాడ పనిచేసే పాప ఏసుకుంటే, నాకు తెలిసే ఏసుకుందంటారు. నన్ను పిలిచి అడుగుతారు."

"పాప ఏసుకోలా సార్. వాళ్ళ చిన్నాయన ఏసినాడు."

"మా రూల్సులో చిన్నాయన అని ఎవురూ లేరమ్మా."

మా రూల్సులో అందరూ చిన్నాయనలే మరి.

"ఇప్పేదానికి కుదరదు సార్, దాంట్లో లీడరు ఉండాడు," అన్నాను.

ఆయన ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి లీడరు ముఖం చూశాడు. కుప్పంలో ఉండే మనిషి కదా, ఆ కష్టం మాత్రం చెప్పకుండానే అర్థమైంది ఆయనకు.

"ఇప్పేది మీ ఇష్టం. ఆ బస్టాండు కాడ ఎంతమంది ఔనని చదివినారో అంతమందీ కాదని చదవాల. అది నాకు చూపించండి. పాపను అప్పుడు పంపించండి."

లేచేటప్పుడు ఊరుకోలేక అడిగాను. "ఫైనల్ పాసైనాక కట్టుకుంటాంలే సార్. అప్పుడు తప్పు ల్యా గదా?"

"అప్పుడు ఇంకా పెద్ద తప్పు. సి.ఎ. అయినోళ్ళు మేమింత గొప్ప అని చెప్పుకోకూడదు. ఫ్లెక్సీ కాదు, చిన్న కరపత్రం కూడా వెయ్యకూడదు. వాకిలికి పేరు పలక ఒకటి, అంతే."

పలమనేరులో బస్సు మారేదాకా అదే ఆలోచన నాకు. ఇన్ని మెట్లెక్కి చివరికి గొప్ప చెప్పుకోకూడని చదువు ఒకటి ఉంటుందని మా వంశంలో ఎవరికీ తెలియదు. ఇంటికొచ్చి మరిదికి చెబితే పిడుగు పడినట్టు అరుగు మీద కూలబడ్డాడు.

"పాసైనా కట్టకూడదా?"

"కూడదంట."

"ఇంక యాల సదివేది వొదినా!"

ఆయన బాధ తీరేదాకా ఆగి, నిదానంగా రెండో మాట చెప్పాను. ఉన్నదాని మీద ఇంకొకటి కట్టాలి, దాంట్లో పాప ఇంకా సి.ఎ. కాలేదని వేయాలి. మరిది లేచి నిలబడ్డాడు.

"కాలేదని ఎవురన్నా కడతారా? అయినారని కడతారు గానీ! నలుగురిలో నా మొగం యాడ పెట్టుకోవాల?"

"ఫ్లెక్సీలోనే పెట్టుకో. పాతదానికంటే పెద్దది ఏసుకో."

ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"లీడరు కొడుకుతో తిరపతిలో దిగిన పోటో ఉండాదంటివి గదా," అన్నాను మళ్ళీ.

"ఉండాది. మొన్నటి హడావుడిలో అది ఏయలేకపోయినా," అన్నాడు మెల్లగా. "పాప కోసం గదా. ఏం జేస్తాం. ఏద్దాం."

ఈసారి పాప కంప్యూటరు పక్కనే కూర్చుని ఒక్కొక్క మాటా దగ్గరుండి వేయించింది. కోటు తీయించి మామూలు చుడీదారు ఫోటో ఇచ్చింది. "పుర ప్రజలకు మనవి. మా అన్న కూతురు ఇంకా సి.ఎ. కాలేదు. కుప్పంలో శిక్షణలో మాత్రమే ఉన్నది. ఫైనల్ పరీక్షలు రాయవలసి ఉన్నది. గమనించగలరు." ఇంతవరకు పాప రాసింది. సాయిబు కంప్యూటరులో మాత్రం హార్దిక శుభాకాంక్షలు అనే మాట పూలతో సహా అడుగున అచ్చు పోసినట్టు ఉండిపోయింది. దాన్ని తీస్తే కింద ఖాళీ వస్తుందన్నాడు. ఖాళీ వస్తే మరిది ఒప్పుకోడు. అందుకని మా పాప ఇంకా సి.ఎ. కానందుకు లీడరుతో, లీడరు కొడుకుతో, పెద్దలందరితో కలిసి మా మరిది హార్దిక శుభాకాంక్షలు తెలియజేశాడు.

పాతదాని మీద కొత్తది కడుతూ ఉంటే బస్టాండంతా తలలెత్తి నిలబడింది. మొదటి ఫ్లెక్సీని ఎవరూ సరిగ్గా చదివింది లేదు, శుభాకాంక్షలంటే ఎవరు చదువుతారు? దీన్ని మాత్రం బస్సు పోతున్నా ఆగి చదివారు. కండక్టరు పైకే చదివి వినిపించాడు.

"కానిదానికే ఇంత కట్టినారే, అయితే ఆకాశానికి కడతారేమో," అన్నాడు అరటిపళ్ళ బండి ఆయన.

పక్క ఊరి నుంచి ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "మా పిల్లోడు కూడా ఇంకా ఎస్సై కాలా అమ్మా. ఊర్లో అందురూ అయినాడా, అయినాడా అని పానం తీస్తాండారు. మీ మరిదికి సెప్పి మాకూ ఒకటి ఇట్లాంటిది కట్టియ్యి." మా మరిది ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, పిల్లోడి ఫోటో ఉందా అని అడిగాడు.

అన్నిటికంటే సోమల పెద్దమ్మ మేలు. బస్సులో పోతూ చదివించుకుని ఫోను చేసింది. "నేను ఆ పొద్దే సెప్పినా గదమే, తప్పిందని. దాంట్లో దాసేదేముండాది. రాసి పెట్టినారు, మంచి పని సేసినారు."

మర్నాడు పాప ఫోటో తీసుకుని, నన్నూ నా కోవా డబ్బానూ వెంటబెట్టుకుని కుప్పం పోయింది. ఆడిటరు ఫోను దగ్గరగా పెట్టుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. లెక్కలు చూసేవాళ్ళ చూపు కదా, కింది దాకా ఏదీ వదలలేదు. అడుగున పూల దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజాలు కదిలాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు. అయినా ఆగలేదు. పై గుండీ విప్పుకుని మరీ నవ్వాడు. బయట గదిలో పనిచేసే పిల్లలు భయపడి తొంగి చూశారు.

"ముప్పై ఏండ్లుగా చూస్తాండానమ్మా," అన్నాడు కొంత తేరుకుని. "లేనిది ఉందని రాసేవాళ్ళే అందురూ. లేదని ఇంత పెద్దగా రాసినోళ్ళు మీరే." తర్వాత పాప వైపు తిరిగి మళ్ళీ ముఖం బిగించాడు. "పోయిన రోజులు లీవులోనే రాస్తా. అందులో మార్పు ల్యా. పో, ఆ కోత మిల్లు బిల్లులు అట్లనే ఉండాయి, చూడు."

పాప పరుగున పోయి కుర్చీలో కూర్చుంది. ఆయన డబ్బా మూత తీసి, ఒక్క కోవా ముక్క తీసుకున్నాడు.

ఆ తర్వాత పాప రెండేళ్ళూ ముగించింది. మా ఇంట్లో ఎవరి పెళ్ళికీ రాలేదు, ఎవరి గృహప్రవేశానికీ రాలేదు. లీవులు లేవని చెబితే చుట్టాలు నమ్మలేదు, గర్వమన్నారు. ఆడిటరు సంతకం పెట్టాడు. మొదటిసారి ఫైనల్లో ఒక భాగం పోయింది. పాప రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు మళ్ళీ పుస్తకాలు దించింది. రెండోసారికి అదీ గట్టెక్కింది. ఆ ఫ్లెక్సీలు రెండూ అప్పటికి మా ఆవుల కొట్టం మీదకు చేరాయి. వాన పడినప్పుడు నల్లకోటు కింద దూడ నిలబడేది.

ఫలితం వచ్చిన రోజు మా మరిది మైసూరుపాకు తెచ్చాడు, అందరి నోళ్ళలో పెట్టాడు, పాప తల మీద చెయ్యి వేసి దీవించాడు. తర్వాత గడప దగ్గర కూర్చుని కాళ్ళు ఊపడం మొదలుపెట్టాడు. ఆ ఊపు దేనికో మాకందరికీ తెలుసు.

"పాపా," అన్నాడు చివరికి. "నీ పేరు ఏయను. నీ పోటో ఏయను. ఆ రెండచ్చరాలు అసలే ఏయను. నా పోటో ఒకటే ఏసుకుంటా. యాలనో ఎవురికీ సెప్పను. అదన్నా తప్పా సూడమ్మా."

పాప నా వైపు చూసింది. నేను మా ఇంటాయన వైపు చూశాను. ఆయన ఆవుల వైపు చూశాడు.

"నాకు తెలిసి దానికి రూల్ ల్యా చిన్నాయనా," అంది పాప.

మరుసటి రోజు బస్టాండు దగ్గర కొత్త ఫ్లెక్సీ లేచింది. పైన లీడరు లేడు, పక్కన కొడుకు లేడు. తెల్ల చొక్కాతో మా మరిది ఒక్కడే చేతులు జోడించి నిలబడి ఉన్నాడు, కింద పూలతో హార్దిక శుభాకాంక్షలు. ఎవరికో లేదు, ఎందుకో లేదు. వచ్చేపోయేవాళ్ళు పైకి కిందికి చూసి, "ఏమప్పా సమాచారం? టికెట్టు వచ్చినాదా?" అని అడుగుతూనే ఉన్నారు. మా మరిది ఆ రోజంతా ఫ్లెక్సీ కిందే నిలబడి, నోరు గట్టిగా మూసుకుని, అడిగినవాళ్ళందరికీ టీ ఇప్పించాడు.